ఏం మందు కలిపావమ్మా పోలమ్మా

గవరయ్య, తవిటయ్య అన్నదమ్ములు. "మనింట్లో ఉన్న తెలివి ఊరందరికీ పంచినా ఇంకా మిగులుతుందిరా" అంటాడు అన్న. "మిగిలింది అటక మీద పెడదాంలే" అంటాడు తమ్ముడు. వాళ్ళ తెలివి సంగతి ఇక మీకే వదిలేస్తున్నా.

ఒకరోజు పొద్దున్నే పోలమ్మ ఇడ్లీ కొట్టుకి వెళ్ళారు. మొగుడు పోయాక ఆవిడకి ఆ కొట్టే బతుకు. జగ్గారావు మాస్టారు అప్పటికే నాలుగు ఇడ్లీలు లాగించి, "ఇందులో ఏం మందు కలుపుతున్నావో గానీ పోలమ్మా, రాకుండా ఉండలేకపోతున్నాను" అని, అటునుంచటే కూతురి ఊరికి బస్సెక్కేశారు.

అంతే. పోలమ్మ ఇడ్లీలో మందు కలుపుతోందని అన్నదమ్ములు వీధివీధీ తిరిగి చెప్పేశారు.

"ఏం మందురా?" అని అడిగారు జనం.

"అంత చదువుకున్న మాస్టారికే తెలీలేదు, మాకేం తెలుస్తుంది?" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, మర్నాటికల్లా కొట్టు దగ్గర ఈగలు కూడా లేవు. మూడు రోజులు పిండి పులిసిపోతే పారబోసుకుని, నాలుగో రోజు పోలమ్మ ఏడుస్తూ వచ్చింది.

"నా పొట్ట కొట్టారు కదరా!"

"మేం నిన్ను ముట్టుకోనే లేదక్కా" అన్నాడు తవిటయ్య.

"అన్న మాట మర్యాదగా వెనక్కి తీసుకోండి."

"దానికేం, తీసుకుంటాం" అని సంచీ పట్టుకుని బయల్దేరారు. గడపగడపకీ వెళ్ళి, "పోలమ్మ ఇడ్లీలో మందు కలుపుతోందని మొన్న మీకో మాట ఇచ్చాం, వెనక్కిచ్చేయండి" అన్నారు. మాకు చెప్పలేదే అన్నవాళ్ళకి ముందు చెప్పి, తర్వాత వెనక్కి అడిగారు. మొన్న తీరిక లేక పక్కూరు వెళ్ళలేదు పాపం, ఈసారి అదీ తిరిగొచ్చారు.

మాస్టారు ఊరినుంచి వచ్చి సంగతి విని తల బాదుకున్నారు. "రుచిగా ఉందన్నానురా బాబూ, విషమని కాదు" అని ఇద్దర్నీ తిట్టి, జనాన్ని పోగేసి, అందరూ చూస్తుండగా కొట్టు ముందు కూర్చుని ఆరు ఇడ్లీలు తిన్నారు. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపారు. పోలమ్మ మొహం తేటపడింది. మాస్టారు బుగ్గ నిండా ఇడ్లీతో, "చంపేశావు పో, పోలమ్మా" అన్నారు.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బుద్ధొచ్చింది కదా, ఈసారి ఊరందరికీ చెప్పలేదు. తిన్నగా మాస్టారి ఇంటికి పరుగెత్తారు.

"అమ్మగారూ, మాస్టార్ని పోలమ్మ చంపేసింది."

బియ్యం చెరుగుతున్న మాస్టారి భార్య చేతిలో చేట జారిపోయింది. "ఎవర్రా చెప్పింది?"

"వాళ్ళూ వీళ్ళూ అన్న మాట కాదమ్మా, ఆయన నోటితో ఆయనే చెప్పారు" అన్నాడు గవరయ్య.

"ఇంకో రెండు వెయ్యమని కూడా అన్నారు" అన్నాడు తవిటయ్య.