పులితో పులిజూదం ఆడిన మేక

అనగనగా ఒక కొండ అడవిలో ఒక మేక ఉండేది. దానికి తెలివి లేదంటారా? ఉంది. కాస్త ఎక్కువే ఉంది, అదే దాని ఖర్మ.

ఒకరోజు పులి దాని పిల్లను పట్టుకుంది. మేక వచ్చి, వదిలేయమని ఏడ్చింది.

"అయితే నాతో పులిజూదం ఆడు. ఈ చెట్టు నీడ ఆ పుట్టను తాకేలోపు నా మూడు పులులనూ కదలకుండా కట్టెయ్. పిల్లను వదిలేస్తా. లేదంటే తినేస్తా," అంది పులి.

అడవంతా చూడటానికి వచ్చింది. బండ మీద గీతలు గీశారు. పులులకు మూడు రాళ్ళు, మేకలకు చింతగింజలు. రాయి గింజ మీదుగా దూకితే పులి ఆ మేకను తిన్నట్టు. మేక బాగానే ఆడింది. రెండు పులులను కట్టేసింది. మూడోదాని దగ్గరే ఆలోచన మొదలుపెట్టింది.

"ఎడమ గింజ జరిపితే, కట్టేసిన పులికి దారి తెరుచుకుంటుంది," అంది.

"అయితే అది వద్దు. ఇంకోటి చూడమ్మాయ్," అంది పక్కనున్న ముళ్ళపంది.

"ఉండు బాబాయ్. అప్పుడు పులి ఇటొస్తుంది. నేను అటు పెడతా. అప్పుడది..."

"వద్దని తేలిందిగా. ఎంత వద్దో కూడా తేల్చాలా?"

మేక వింటేనా? గడ్డి నెమరేసినట్టు ఆ పాడు ఎత్తునే నెమరేసింది. మీరు నవ్వకండి. ఏ చొక్కా వేసుకోవాలో తేలక పొద్దున బడి గంట దాటబెట్టింది మీరే కదా.

తర్వాత కుడి గింజ చూసింది. అక్కడా పులికి దారే. మళ్ళీ నెమరు. నీడ సగం దూరం వచ్చేసింది. ముళ్ళపందికి విసుగుతో ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"అక్కడ నీ పిల్ల ఏడుస్తోంది తల్లీ. పోనీ, నడిమి గింజ చూడు."

"ఛ, దాన్ని పులి తినేస్తుంది. చూడక్కర్లేదు."

ముళ్ళపంది నెత్తి కొట్టుకుంది. "చూడక్కర్లేనిది వదలవు, చూడాల్సింది చూడవు. తిన్నాక పులి ఎక్కడికి చేరుతుందో చూడు. తినకపోతే ఎటు పోతుందో అదీ చూడు."

మేక చూసింది. తింటే పులి మూలకు చేరుతుంది, వెనక దారి మూసేయొచ్చు. తినకుండా పక్కకు జరిగినా అక్కడే కట్టేయొచ్చు. నీడ పుట్ట దగ్గరకు వచ్చేసింది. మేక గబుక్కున నడిమి గింజ జరిపింది.

పులికి తిన్న గింజలు లెక్కపెట్టుకోవడమే వచ్చు. "ఇంకోటి దొరికింది," అంటూ దూకి తినేసింది. మేక వెనక దారి మూసేసింది. పులి బండ చుట్టూ తిరిగి తిరిగి చూసింది. తన మూడు రాళ్ళలో ఒక్కటీ ఎటూ కదలడానికి లేదు. అందరి ముందూ ఇచ్చిన మాట, పిల్లను వదలక తప్పలేదు.

పిల్లను నాకుతూ ఇంటిదారి పట్టిన మేక కాసేపటికి ఆగింది. "బాబాయ్, ఎడమ గింజే జరిపి ఉంటే చివరికి ఏమయ్యేదంటావు?"

తోడొస్తున్న ముళ్ళపంది ముళ్ళు దులుపుకుని తన దారిన తను వెళ్ళిపోయింది.

నీతి: పనికిరాదని తేలినదాన్ని పట్టుకు వేలాడకూడదు. తేలకముందే దేన్నీ వదిలేయకూడదు.