గవరమ్మకు ముందు బెంచీ

"ఊరందరి బుర్రలూ ఒక ఎత్తు, నా బుర్ర ఒక్కటీ ఒక ఎత్తు" అని పైడయ్య పొద్దున లేచింది మొదలు చెప్పుకునేవాడు. అతని తల్లి ఎర్నమ్మ "అవున్రా నాయనా" అనేది. ఆ ఊరి బడిపంతులు అప్పలస్వామి కూడా తన బుర్ర గురించి అదే మాట అనేవాడు. గొడవంతా అక్కడే వచ్చింది.

పైడయ్య కూతురు గవరమ్మకు చెవులు సరిగ్గా వినబడవు. వెనక బెంచీలో కూర్చుంటే పాఠం ఒక్క ముక్క అందదు. పిల్లని ముందు కూర్చోబెట్టమని పైడయ్య, పొడుగు పిల్ల వెనకే కూర్చోవాలని మాస్టారు. రోజూ కేకలే. మధ్యలో పిల్ల చదువు మట్టికొట్టుకుపోతోంది, ఆ సంగతి ఒక్కడికైనా పట్టిందా!

తగువు తీర్చడానికి మండలం విద్యాఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. "అరుచుకుంటే తేలదు. పైడయ్యా, నువ్వు మాస్టారి చోట ఉండి ఆలోచించు. మాస్టారూ, మీరు పైడయ్య చోట ఉండి ఆలోచించండి" అంది.

ఇంకేముంది! మర్నాడు పైడయ్య బడిలో కుర్చీ ఎక్కి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నాడు. మాస్టారు పైడయ్య గేదెల పాకలో నిలబడి ఆలోచిస్తున్నాడు. బడిలో పాఠం లేదు, ఇంట్లో పాలు లేవు.

"కాస్త పాలు పిండండి బాబూ, గేదె అరుస్తోంది" అంది ఎర్నమ్మ.

"ఆలోచించమన్నారు గాని పిండమన్లేదమ్మా."

మేడమ్ మళ్ళీ వచ్చి తల పట్టుకుంది. ఇద్దరినీ గవరమ్మ ఎదుట కూర్చోబెట్టి, "నీకేం కావాలమ్మా?" అని గట్టిగా అడిగింది.

"ముందు బెంచీ."

"ఓస్, అంతేనా!" అన్నారిద్దరూ. ఇస్తామని మాటిచ్చారు. మేడమ్ హమ్మయ్య అనుకుని బస్సెక్కింది.

అంతే. చెరో కొసా పట్టుకుని బడిలో ముందు బెంచీని మోసుకొచ్చి, ఆఖరి బెంచీలో ఉన్న గవరమ్మ వెనకాల వేశారు. బడంటే ఒక రేకుల షెడ్డు, దానికి వెనక గోడ లేదు.

"ఇదిగో తల్లీ, నీ బెంచీ!"

"ఇది కాదు నాన్నా, ముందున్నది."

"అదా!" దాన్నీ తెచ్చారు.

"కాదు, ముందున్నది."

దాన్నీ తెచ్చారు. మిగతా పిల్లలంతా బెంచీలతో పాటు ఎండలోకి పోయారు. గవరమ్మ ముందు ఇంకేం మిగల్లేదు. మాస్టారు చెమట తుడుచుకుంటూ ఆమె దగ్గరకే వచ్చి, "ఇంకా కావాలా?" అన్నాడు.

గవరమ్మ మొహం వెలిగిపోయింది. "మాస్టారూ, మీ మాట వినబడింది! నేనిక్కడే ఉంటా, పాఠం చెప్పండి!"

"పాఠం తర్వాత" అన్నాడు పైడయ్య. "మాటిచ్చాం. ముందు బెంచీ నీకివ్వాల్సిందే. పట్టండి మాస్టారూ, ఇంక ముందున్నది ఇదొక్కటే!"

పిల్లతో సహా లేపారు.

"నాన్నా, దించు!"

"గోల చెయ్యకమ్మా, నీకోసమే కదా మోస్తున్నాం!"

అన్ని బెంచీల కంటే వెనకాల, నడి ఎండలో దించారు. పైడయ్య ఛాతీ ఉబ్బిపోయింది. మాస్టారి భుజం తట్టి అన్నాడు:

"చూశారా, బుర్రున్నవాళ్ళిద్దరు కలిస్తే పనెంత తేలికో!"