లోపలి గదికి లాగిన వైరు

ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పడం కామేశం గారి ఇంటా వంటా లేదు. ఆయన బొబ్బిలిలో మృదంగం నేర్పే గురువు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. పని పూర్తయ్యేసరికి తను అడిగిందేమిటో వాడికి గుర్తుంటే వాడి అదృష్టం. ఇది చాదస్తమని శిష్యులందరూ అనుకునేవారు గానీ, పైకి అనేంత గుండె ఎవరికీ లేదు.

ఆయన దగ్గర విద్య నేర్చుకుని, పార్వతీపురంలో సొంతంగా క్లాసు పెట్టుకున్న తారకేశం ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. కాళ్లకు దణ్ణం పెట్టి, లేస్తూనే మొదలెట్టాడు.

"గురువుగారూ, నా క్లాసులో పిల్లలు చిచ్చరపిడుగులు. ఏ పాఠమిచ్చినా మర్నాటికల్లా దౌడు తీయిస్తున్నారు. వాళ్ల మధ్యన ఒకాయన ఉన్నాడు, అప్పలకొండ అని, ఆర్టీసీ కండక్టరు. నలభై దాటాక నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది, పాపం. నిదానంగా వాయించే మొదటి కాలమే చేతికి లొంగట్లేదు. ఆయన కోసం ఆగితే పిల్లలకి విసుగు, పిల్లలతో పరిగెడితే ఆయన దిక్కులు చూస్తాడు. నేను ఎవరి కాలంలో చెప్పాలండీ? ఆయన్ని రేపట్నుంచి రావద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. మీరు ఊఁ అంటే..."

కామేశం గారు ఊఁ అనలేదు. ఉత్తరీయం భుజాన వేసుకుని, "పద, పక్కింట్లో పనుంది" అన్నారు.

పక్కిల్లు పెళ్లివారిల్లులా ఉంది. ఆ ఇంటి సూర్రావు కూతురు హైమ ఆ సాయంత్రం జాతీయ పోటీల్లో బరువులెత్తబోతోంది. టీవీలో అప్పటికప్పుడు చూపిస్తారట. ఈ రోజు కోసమే సూర్రావు గోడంత టీవీ కొన్నాడు. వీధి వీధంతా వచ్చి హాల్లో చాపల మీద సర్దుకుంది. "ఆడపిల్లకి ఇనప కడ్డీలేటి, నలుగురూ నవ్వరేటి" అని ఒకప్పుడు ఇల్లెగిరిపోయేలా అరిచింది ఈ సూర్రావేనన్న సంగతి ఇవాళ ఎవరూ ఎత్తలేదు. అప్పుడు కొడుక్కి ఎదురు నిలిచి, తెల్లవారుజామునే మనవరాలి చెయ్యి పట్టుకుని మైదానానికి నడిపించింది నరసమ్మ. ఆ నరసమ్మే తుంటి విరిగి లోపలి గదిలో మంచాన పడి ఉంది. అంగుళం కదిలించినా ఊరుకోనని డాక్టరు చెప్పాడు. ఆ గదిలో ఒక పాత టీవీ ఉంది గానీ దానికి కనెక్షను లేదు. ఇంటికంతా ఉన్న బాక్సు ఒక్కటే, అది హాల్లో ఉంది.

కామేశం గారు అరచేతిలో ఇమిడే నల్ల డబ్బీ ఒకటి తీశారు. "స్ప్లిట్టరట. బాక్సులోంచి వచ్చే బొమ్మని రెండు టీవీలకీ పంచుతుందని కొట్టువాడు చెప్పాడు. లోపలికి వైరు లాగు" అని శిష్యుడి చేతిలో పెట్టి, తాను వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ప్రశ్న అడిగిన పాపానికి తారకేశం స్టూలెక్కి, గుమ్మం పైనుంచి మేకులు కొట్టుకుంటూ లోపలి గది దాకా వైరు లాగాడు. చెమటలు తుడుచుకుంటూ వచ్చి స్విచ్చి వేశాడు. రెండు టీవీలూ వెలిగాయి.

వెలిగాయి గానీ, హాల్లో బొమ్మ మసకేసింది. ఇందాకటి దాకా మనిషి నుదుటి మీద చెమట బొట్టు కూడా కనిపించిన టీవీలో ఇప్పుడు ముఖాలు అలికేసినట్టున్నాయి.

"ఏటండీ ఇది!" అని సూర్రావు లేచాడు. "కొత్త టీవీని పాడుసేసినారేటి?"

"పాడవలేదండీ" అన్నాడు తారకేశం. "లోపలి పాత టీవీ అంత స్పష్టమైన బొమ్మని తీసుకోలేదు. అందుకని రెండూ చూపించగలిగిందే ఈ డబ్బీ రెండింటికీ పంపిస్తోంది."

"మరైతే పీకీండి బాబూ! ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం, అక్కడ ఒక్కర్తే. ఏటైందో అమ్మకి మనం సెప్తాం కదేటి."

సబబుగానే తోచింది తారకేశానికి. తోచదా మరి? దారి పొడుగునా తను అనుకుంటూ వచ్చిన మాటే కదా! వైరు మీద చెయ్యి వేశాడు. గురువుగారి వైపు చూస్తే, ఆయన పైకప్పు చూస్తున్నారు.

అంతలో లోపల్నుంచి కేక. "ఒరే సూర్రావూ! నా బంగారం అగుపిస్తందిరా! నానిచ్చిన ఎర్ర రిబ్బనే కట్టుకుందిరా!"

తారకేశం చెయ్యి వెనక్కి వచ్చేసింది. "ఉండనివ్వండి. మసకైతేనేం, మనిషి కంటికి ఆనుతోందిగా" అన్నాడు. తన గొంతు అంత గట్టిగా ఎందుకు లేచిందో తనకే తెలీలేదు. సూర్రావు గొణుక్కుంటూ కూలబడ్డాడు.

తాళం పట్టే చెవి కనక తారకేశం ఇంకోటి కూడా పసిగట్టాడు. లోపలి టీవీలో మాట అర అక్షరం ముందు పలుకుతోంది. కొత్త టీవీ తనకి వచ్చిన బొమ్మకి నగిషీలు చెక్కి గానీ చూపించదు. పాతదానికి ఆ సోకులేవీ తెలీవు. వచ్చింది వచ్చినట్టు చూపించేస్తోంది.

హైమ మొదటిసారి బరువు జారవిడిచింది. రెండోసారీ అంతే. ఇక మిగిలింది ఒక్కసారి. అదీ పోతే పిల్ల వట్టి చేతులతో ఇంటికొస్తుంది. హైమ కడ్డీ పట్టుకుంది, గుండెల దాకా లేపింది, ఒక్క ఊపున తలపైకెత్తింది. చేతులు వణుకుతున్నాయి. జడ్జీల తెల్ల దీపాలు వెలిగితే గెలిచినట్టు. సూర్రావు కళ్లు మూసేసుకున్నాడు.

"తెల్లవే! అన్నీ తెల్లవేరా! నెగ్గేసింది నా తల్లి!"

ఆ కేక లోపలి గదిలోంచి వచ్చింది. అది హాల్లో పడ్డాకే గోడంత టీవీలో దీపాలు వెలిగాయి. ఇక చెప్పాలా! ఈలలు, చప్పట్లు, ఏడుపులు, ఒకరి మీద ఒకరు పడిపోవడాలు. అందరికన్నా ముందు లోపలికి ఉరికింది సూర్రావే. తల్లి కాళ్ల మీద తలపెట్టి, "నెగ్గింది నువ్వేనే అమ్మా, నాను కాదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెనకే వీధి వీధంతా ఆ ఇరుకు గదిలోకి, గుమ్మంలోకి, కిటికీలోకి ఎక్కేసింది. మనవరాలి మెడలో పతకం వేస్తుంటే అందరూ ఆ పాత టీవీలోనే చూశారు. హాల్లో కొత్త టీవీ చాపలకి చూపించుకుంటూ ఉండిపోయింది.

తిరిగి వస్తుంటే తారకేశానికి తన ప్రశ్న గుర్తొచ్చింది. అదృష్టవంతుడే.

"గురువుగారూ, మరి రేపు అప్పలకొండ గారికి ఏం చెప్పమంటారు?"

కామేశం గారు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "అది సరేగానీ, ఇందాక వైరు మీద పెట్టిన చెయ్యి ఎందుకు తీసేశావురా?" అన్నారు.