గిజిగాడు వద్దన్న పేరు

ఒకప్పుడు గిజిగాడి గూటికి మూతి పైకి ఉండేది. ఈతచెట్టు కొమ్మకి సంచిలా వేలాడేది. వానొస్తే ఇల్లంతా తడిసేది, ఎండొస్తే ఆరేది. పిట్టలన్నిటి గూళ్లూ అలాగే ఉండేవి కాబట్టి ఎవరూ దాని గురించి ఏమీ అనుకునేవారు కాదు.

ఆ రోజుల్లో పొడుగువాళ్ల ఆటకి జట్లు ఉండేవి గానీ, జట్లకి పేర్లు ఉండేవి కావు.

పొడుగువాళ్లంటే ఎవరో చెప్తాను వినండి. వాగుకి అవతల ఎనిమిది ఊళ్లు. ఆ ఊళ్లలో ఎవడైనా గుమ్మం దాటేటప్పుడు తల వంచాల్సినంత ఎత్తు పెరిగాడంటే వాణ్ణి ఇక పొలానికి పంపేవారు కాదు. "నువ్వు ఆడరా నాయనా, అన్నం మేం పెడతాం" అనేవారు. ఆటే వాళ్ల పని. పొద్దున లేచి గెంతడం, బంతి విసరడం, మూడు కుంచాల అన్నం తిని మళ్లీ గెంతడం.

ఆట ఏమిటంటే, ఎత్తయిన గుంజకి ఒక బుట్ట కట్టి అందులో బంతి వెయ్యాలి. ఆ బుట్ట ఎక్కడిదనుకున్నారు? ఇంకెక్కడిది, గిజిగాడి గూడే! వాగొడ్డుకి రావడం, కొడవలితో గూడు తెంపడం, పట్టుకుపోయి గుంజకి కట్టుకోవడం. ఆట అయ్యేసరికి అది పీచుపీచు అయిపోయేది. మళ్లీ ఆటకి మళ్లీ రెండు గూళ్లు.

బత్తాయికాయంత తోలుబంతి గూట్లో పడితే దానంతటది బయటికి రాదు కదా. ఆ పనికి ఓబయ్య అనే ముసలితాత ఉండేవాడు. నిచ్చెన ఎక్కి తీసివ్వాలి. తీసిచ్చేదాకా ఆటగాళ్లందరూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడాలి. ఒక్కో ఆటకి ముప్పైసార్లు ఎక్కి ముప్పైసార్లు దిగేవాడు పాపం. దిగినప్పుడల్లా మోకాళ్లు పట్టుకుని బుట్టనీ, బంతినీ, బంతి వేసినవాణ్ణీ వరసపెట్టి తిట్టేవాడు.

ఇంకో చిక్కు ఏమిటంటే పేర్లు లేకపోవడం. ఏ ఊరివాళ్లు ఆ ఊరి జట్టుని "మనోళ్లు" అనేవారు. బంతి పడగానే ఇటువాళ్లు "మనోళ్లు వేశారు!" అని అరిచేవారు. అటువాళ్లూ "మనోళ్లు వేశారు!" అని అరిచేవారు. నేలమీద గీతలు గీసి లెక్క రాసేవాడు ఎవరి గీత గీయాలో తెలియక బుర్ర గోక్కునేవాడు. ఆట అయ్యాక గెలిచిందెవరో తేలేది కాదు, తలలు మాత్రం పగిలేవి.

ఇలా లాభం లేదని ఎనిమిది ఊళ్ల పెద్దలూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. జంతువులనీ పిట్టలనీ, ఎండనీ వాననీ పిలిచి పేర్లు అరువడుగుదాం అన్నారు. ఊరికే ఎవరిస్తారు? అందుకని ఒక కట్టుబాటు కూడా పెట్టారు. ఎవరు పేరిస్తే వాళ్ల జోలికి ఇక ఏ జట్టూ పోకూడదు. అమావాస్య పోయిన మర్నాడు పొద్దున్నే పేర్ల పంపకం అని చాటింపు వేయించారు.

ఆ చాటింపు వాగు ఇవతల ఈతచెట్టు మీద ఉన్న పీచయ్యకి కూడా వినబడింది.

పీచయ్య గిజిగాడు. ఆ చెట్టు మొత్తం మీద అంత నేర్పుగా అల్లేవాడు లేడు. కానీ ఏం లాభం? ఆ ఏడాది మూడు గూళ్లు అల్లాడు, మూడూ ఆటకే పోయాయి. గిజిగాళ్లలో ఒక పద్ధతి ఉంది. గూడు అల్లడం మగపిట్ట వంతు, చూసి బాగుందో లేదో చెప్పడం ఆడపిట్ట వంతు. ఆమెకి నచ్చితే కాపురం, నచ్చకపోతే మళ్లీ మొదటినుంచి అల్లుకోవడమే. పీచయ్య గూళ్లు నచ్చకపోవడం కాదు, చూపించడానికి మిగిలితే కదా!

అందుకే చాటింపు వినగానే వాడి గుండె ఎగిరింది. "ఒక్క జట్టు నా పేరు పెట్టుకుంటే చాలు. ఇక నా గూడు ఎవడూ ముట్టుకోడు" అనుకున్నాడు.

తీరా పంపకం రోజు పొద్దున పీచయ్య నాలుగో గూడు అడుగు అల్లుతున్నాడు. ఇంకో పది ముడులు మిగిలాయి. గిజిగాడు అల్లిక మధ్యలో వదిలి లేవలేడు. పచ్చినార ఆరిందంటే వంగదు, ముడి పడదు, పడినా నిలవదు. "ఈ పదీ వేసి పోతా" అనుకున్నాడు. పది ముడులు వేశాడో లేదో, గూడు చూడటానికి గింజమ్మ అనే ఆడపిట్ట వచ్చి వాలింది.

గింజమ్మని పంపించేసి పోవడం కుదిరే పనేనా? ఆమె గూడు చుట్టూ తిరిగింది. ముక్కుతో నార లాగి చూసింది. లోపల కూర్చుని ఊగింది. దిగి మళ్లీ ఎక్కి మళ్లీ ఊగింది. పీచయ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"అల్లిక బాగుందయ్యా" అంది చివరికి. "ఉంటాను. రెండు రోజుల్లో గుడ్లు పెట్టాలి నేను. కానీ ఒక్క మాట. ఇది కూడా ఆ పొడుగోళ్లు పట్టుకుపోతే మాత్రం నేను తుమ్మచెట్టు మీదున్నవాడి గూటికి పోతా. నీ మీద కోపం ఉండి కాదు. గుడ్లని గాల్లో పెట్టలేను కదా."

"పోదు గింజమ్మా, పోనివ్వను! ఇప్పుడే వెళ్లి కట్టుబాటు చేయించుకొస్తా" అని పీచయ్య రివ్వున ఎగిరాడు.

అక్కడ పంపకం దాదాపు అయిపోయింది. అందరికంటే ముందు ఎద్దు వచ్చిందట. "నా పేరు పెట్టుకోండి, ఇకమీదట నా తోలు వైపు చూడకండి. బంతి పాతబట్టలతో చుట్టుకోండి" అంది. తాయెత్తుల కోసం వెంట్రుకలు పీకించుకుని పీకించుకుని విసిగిన ఎలుగుబంటి కూడా పేరిచ్చేసింది. దుప్పి కొమ్ముల కోసం ఇచ్చింది, డేగ ఈకల కోసం ఇచ్చింది, తోడేలు తన పిల్లల కోసం ఇచ్చింది.

కందిరీగ వస్తే పెద్దలు, "నీ జోలికి ఎవరొస్తారమ్మా?" అన్నారు.

"ఎవరూ రారు. నేనే మీ జోలికి రాకుండా ఉంటానని వచ్చా" అంది కందిరీగ. అందరూ రెండడుగులు వెనక్కి వేసి వెంటనే ఒప్పేసుకున్నారు.

సూర్యుడికి కాపలా అక్కర్లేదు, ఉరుముకీ అక్కర్లేదు. కానీ జనం గొంతెత్తి తమ పేరు అరుస్తారంటే వాళ్లకీ ముచ్చటే. "నా పేరు" అన్నాడు సూర్యుడు పైనుంచి. "నాదీ!" అంది ఉరుము. ఆ చప్పుడుకి లెక్క రాసేవాడు కూర్చున్నచోటే ఎగిరిపడ్డాడు.

ఎనిమిది జట్లు, ఎనిమిది పేర్లు. అప్పుడొచ్చాడు పీచయ్య రొప్పుకుంటూ.

"నా పేరు కూడా పెట్టుకోండి అయ్యా!"

ఎద్దుల జట్టు పెద్దని నిట్రాడు అనేవారు. గుడిసె మధ్య గుంజలా ఉండేవాడులెండి. నిట్రాడు వంగి, వంగి, ఇంకా వంగి చూస్తే పీచయ్య కనబడ్డాడు.

"జట్టు పేరు చెప్తే అవతలివాడు జడవాలి పిట్టా. 'అదుగో గిజిగాళ్లొచ్చారు' అంటే జడుస్తాడా? గింజలు చల్లుతాడు!"

అందరూ నవ్వారు. సూర్యుడు కూడా నవ్వాడు, అందుకే ఆ రోజు ఎండ అంత కాసింది.

"మీ బుట్ట నేను అల్లిందే కదయ్యా! నా గూడు లేకపోతే మీకు ఆటేదీ?" అన్నాడు పీచయ్య. ఎవరూ వినలేదు. వాడికి ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఏడవలేక ఎగిరిపోయాడు.

మర్నాడే ఎద్దులకీ ఉరుములకీ ఆట. పేర్లతో మొదటి ఆట కాబట్టి ఎనిమిది ఊళ్లూ కదిలాయి. గింజమ్మ మేతకి వెళ్లింది. గూట్లో పరచడానికి మెత్తటి దూది తేవాలని పీచయ్య కూడా వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కొమ్మకి తెగిన నార వేలాడుతోంది. గూడు లేదు.

పీచయ్య ముక్కులో దూది కిందపడింది. గింజమ్మ వచ్చి చూస్తే? ఒక్క ఊపున ఆటస్థలానికి ఎగిరాడు. తన గూడు గుంజకి కట్టి ఉంది. అందులో గుడ్లకి బదులు బంతి ఉంది. నిచ్చెన మీద ఓబయ్య తాత ఉన్నాడు.

"తాతా, అది నా ఇల్లు! విప్పి ఇచ్చెయ్యి తాతా!"

"విప్పి ఇస్తే ఏమవుతుందిరా?" అన్నాడు తాత రొప్పుతూ. "ఇంకోటి తెంపుకొస్తారు. నీది కాకపోతే నీ పక్కింటోడిది. నా మోకాళ్లు అరిగేదాకా వీళ్ల ఆట ఆగదు, నీ ముక్కు అరిగేదాకా నీ అల్లిక ఆగదు" అని బంతి కిందికి విసిరి తిట్టుకుంటూ దిగిపోయాడు.

పీచయ్యకి రోషం వచ్చింది. "నా నార నేనే పట్టుకుపోతా! చెట్టు మీద మళ్లీ అల్లుకుంటా!" అనుకున్నాడు. విప్పడానికి కూడా ఒక వరస ఉంది. చివర వేసిన ముడి ముందు విప్పాలి, లేకపోతే నార తెగిపోతుంది. చివర వేసిన పది ముడులూ అడుగున ఉన్నాయి. పీచయ్య గూటి కింద తలకిందులుగా వేలాడి ఒక్కో ముడే విప్పసాగాడు. కింద ఆట జోరు మీద ఉంది, పైన పిట్టని ఎవరు చూస్తారు?

పదో ముడి విడిపోయింది. పీచయ్య నార నోట కరచుకుని పక్కకి ఎగిరాడు. సరిగ్గా అప్పుడే నిట్రాడు గెంతి బంతి వేశాడు. బంతి గూట్లోకి పోయింది. గూట్లో ఆగలేదు. అడుగునుంచి జారి వచ్చి నిట్రాడి నెత్తిన ఠప్పున పడింది.

అందరూ నోళ్లు తెరిచారు.

"చెల్లదు! బుట్టలో నిలవలేదు!" అని ఉరుముల జట్టు అరిచింది.

"చెల్లుతుంది! లోపలికి వెళ్లడం చూశాం!" అని ఎద్దుల జట్టు అరిచింది. పేర్లు పెట్టుకున్న మొదటి రోజే మళ్లీ తలలు పగిలేలా ఉన్నాయి.

ఓబయ్య తాత మాత్రం ఎవరి మాటా వినడం లేదు. బుట్టవైపు చూశాడు, బంతివైపు చూశాడు, తన మోకాళ్లవైపు చూసుకున్నాడు. నిచ్చెన ఎత్తి కంచె అవతలికి విసిరేశాడు.

"చెల్లుతుంది! పైనుంచి పోయింది, కిందనుంచి వచ్చింది. ఇంతకంటే ఏం కావాలిరా మీకు? చెల్లదన్నవాణ్ణి ముప్పైసార్లు నిచ్చెన ఎక్కిస్తా!"

ఎక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. రెండో గుంజ మీది గూటికి కూడా అడుగు తీసేయించారు. ఇక చూడాలి ఆట! బంతి పడటం, అందుకోవడం, పరిగెత్తడం, మళ్లీ వెయ్యడం. ఆగడమన్నదే లేదు. జనం గొంతులు పోయేలా అరిచారు. ఉరుము కూడా అరిచింది గానీ దాని గొంతు పోలేదు.

ఆట అయ్యాక పీచయ్య నోట్లో ఉన్న నార చూసి, గూటి అడుగు విప్పింది ఎవరో నిట్రాడికి అర్థమైంది. వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నిన్న తప్పుగా మాట్లాడాను పిట్టా. ఎద్దుల పేరు తీసేసి నీ పేరే పెట్టుకుంటాం" అన్నాడు. "గిజిగాళ్లు! గిజిగాళ్లు!" అని జనం కేకలు.

పీచయ్యకి ఒళ్లు పులకరించింది. నిజం చెప్పాలంటే వాడికి ఆ పేరు కావాలనే ఉంది. అంతమంది నోట తన పేరు వినడం ఎంత బాగుందో! కానీ కంచె దగ్గర ఎద్దు నిలబడి ఉంది. తల వంచుకుంది. పేరు పోతే దాని తోలు మళ్లీ బంతే. కంచె మీద గింజమ్మ కూడా వాలి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో, అడుగు లేని గూటివైపే చూస్తోంది.

"నాకు పేరొద్దయ్యా" అన్నాడు పీచయ్య. "ఎద్దు పేరు ఎద్దుకే ఉంచండి. తాళ్లతో బుట్ట అల్లడం నేను నేర్పుతా. అడుగు లేని బుట్ట ఒకసారి కట్టారంటే ఏళ్లు నిలుస్తుంది. మా చెట్టు జోలికి మాత్రం రాకండి."

ఎనిమిది జట్లూ ఒట్టేశాయి. తెల్లారేసరికి గుంజలకి తాళ్ల బుట్టలు వేలాడాయి. ఎద్దు దారిలో పీచయ్యకి ఎదురై, వాణ్ణి తన కొమ్ము మీద ఎక్కించుకుని ఈతచెట్టు దాకా తీసుకెళ్లింది.

గింజమ్మకి మాత్రం నమ్మకం చాలలేదు. "ఇవాళ ఒట్టేసినవాళ్లు బాగానే ఉంటారయ్యా. రేపు వీళ్ల మనవలకి గుర్తుంటుందా? మూతి పైకి ఉన్న గూడు చూస్తే ఎవడికైనా ఏదో ఒకటి వెయ్యాలనే అనిపిస్తుంది. నువ్వు మూతి కిందికి పెట్టి అల్లు."

"మరి గుడ్లు జారిపోవూ?"

"పక్కన గుడ్లకో చిన్న గది పెట్టు, దానికో గడప కట్టు. నేను కిందనుంచే వచ్చిపోతా. రెక్కలున్నదాన్ని, నాకేం కష్టం?"

పీచయ్య నార తడిపి ఐదో గూడు మొదలుపెట్టాడు. పైన మూసేశాడు, పక్కన గది, కిందికి గొట్టంలా వాకిలి. ముడి మీద ముడి వేస్తూ పొద్దెక్కేదాకా అల్లాడు. గింజమ్మ కిందనుంచి దూరి లోపల కూర్చుని ఊగింది. ఈసారి దిగి మళ్లీ ఎక్కలేదు. అక్కడే ఉండిపోయింది. మర్నాడు మూడు గుడ్లు పెట్టింది. పీచయ్య ఆనందానికి కొమ్మ కొమ్మకీ చెప్పి వచ్చాడు.

అప్పటినుంచే పొడుగువాళ్ల జట్లు ఎద్దు పేరో, డేగ పేరో, కందిరీగ పేరో, సూర్యుడి పేరో పెట్టుకుని తిరుగుతున్నాయి. అప్పటినుంచే వాళ్ల బుట్టకి అడుగు లేదు. అప్పటినుంచే గిజిగాడి గూటికి వాకిలి కిందికి ఉంటోంది, దాని లోపల గుడ్లు చల్లగా ఉంటున్నాయి.