తూటా లేని సన్నాయి

విజయనగరంలో తుపాకులు బాగుచేసే మల్లేశ్వరాచారి పనిలో వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు గాని, ఫారాలు నింపమంటే మాత్రం ఆమడ దూరం పారిపోయేవాడు.

ఒకసారి భీమవరం నుంచి నీలవేణి అనే షూటింగ్ క్రీడాకారిణి వచ్చి తన రైఫిల్ ఇచ్చి వెళ్లింది. "ఆచారిగారూ, శుక్రవారం రాష్ట్ర పోటీ. రెండేళ్లుగా దీనికోసమే సాధన చేస్తున్నాను. గురువారానికల్లా నా చేతిలో ఉండాలి" అని మరీ మరీ చెప్పింది.

ఆచారి ఆదివారానికే పని ముగించాడు. ఇక పంపడమే తరువాయి. తుపాకులు చేరవేసే అనుమతి ఉన్న రవాణా సంస్థ ఊళ్లో ఒకటి ఉండేది. అక్కడి గుమాస్తా లైసెన్సు నకలు అడిగేవాడు, అనుమతి పత్రం అడిగేవాడు, పెట్టె విప్పి చూపించమనేవాడు. పైగా మూడు రోజులు పడుతుందనేవాడు. బస్టాండు వెనక లారీ ఆఫీసులో ఆ బాధ లేదు. పెట్టె మీద ఏది రాస్తే అందులో అదే ఉన్నట్టు లెక్క.

సోమవారం పొద్దున్నే ఆచారి రైఫిల్‌ను గుడ్డలో చుట్టి, పొడవాటి పెట్టెలో సర్ది, పైన పెద్ద అక్షరాలతో 'సన్నాయి' అని రాశాడు. నీలవేణి పేరు రాస్తే ఎవరైనా పోల్చుకుంటారని భయపడి ఊరు భీమవరం అని, ఉత్త ఫోన్ నంబర్లు రాశాడు, తనదొకటి, ఆమెదొకటి.

భార్య భ్రమరాంబ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమండీ, మనింట్లో సన్నాయి ఎప్పుడు పుట్టింది?"

"నీ సన్నాయి నొక్కులు ఆపు. ఎల్లుండికల్లా చేరిపోతుంది."

"నా నొక్కులకేంలెండి. దాన్నెవరు నొక్కుతారో అది చూసుకోండి."

ఆచారికి ఆ మాట వినబడింది గాని, బుర్రకెక్కలేదు. పెట్టెను లారీ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

బుధవారం పొద్దున ఫోన్ మోగింది. నీలవేణే అయ్యుంటుందని నవ్వుతూ ఎత్తాడు.

"ఏమయ్యా! నేను భీమవరం సన్నాయి సింహాచలాన్ని. గట్టిమేళం వాయించమంటే ఏం పేల్చమంటావు?"

ఆచారి నవ్వు మీసం కిందే ఆగిపోయింది.

సంగతేమిటంటే, సింహాచలం కూడా తన సన్నాయిని రిపేరుకిచ్చి, లారీలో వస్తుందని కాచుక్కూచున్నాడు. ముహూర్తం ముంచుకొచ్చింది. అప్పటిదాకా డోలుతోనే నెట్టుకొచ్చాడు. భీమవరం లారీ ఆఫీసువాడికి ఆచారి పెట్టె మీద పేరు కనబడలేదు, 'సన్నాయి' కనబడింది. ఆ ఊళ్లో సన్నాయి అంటే సింహాచలానిదే కదా అని స్కూటర్ మీద తెచ్చి పెళ్లి పందిట్లో ఇచ్చి వెళ్లాడు.

"దాన్ని నొక్కావా?" అని అరిచాడు ఆచారి.

"గుడ్డలోంచి తడిమితే రంధ్రాలు తగల్లేదు, నొక్కడానికి ఒక్కటే తగిలింది. కొత్త రకమేమో అనుకుని వేలు పెట్టాను. అంతలో మా డోలువాడు గుడ్డ లాగాడు. అంతే! పెళ్లివారంతా బల్లల కిందికి దూరారు. పెళ్లికొడుకు మూడు ముళ్లూ ఒక్క ఊపులో వేసేశాడు. నా పక్కనే ఎస్సైగారున్నారు, మాట్లాడు."

సాయంత్రానికి ఆచారి భీమవరం స్టేషన్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అందులో తూటా లేదండి. ఒట్టి ఖాళీది" అన్నాడు.

"ఆ సంగతి నీకు తెలుసు" అన్నాడు ఎస్సై. "సన్నాయి అనుకున్నవాడికి తెలుసా? ఈసారి ఖాళీది. ఇంకోసారి ఇంకోడు ఖాళీ చేయడం మరిచిపోయి ఇలాగే పంపితే?"

విచారణ ముగిసేదాకా రైఫిల్ స్టేషన్ బీరువాలోనే ఉండాలన్నారు. పెట్టె మీది నంబరు చూసి పోలీసులు పిలిపిస్తే వచ్చి, మూలన బెంచీ మీద కూర్చున్న నీలవేణి తలెత్తింది.

"ఆచారిగారూ, మీరు పద్ధతిగా పంపుంటే గురువారానికి చేరేది కదండీ?"

ఆచారి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. సోమవారం నుంచి మూడు రోజులు. నిజమే, సరిగ్గా చేరేది. అతనికి ఆమె ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

నీలవేణి లేకుండానే పోటీ జరిగిపోయింది. ఆచారి లైసెన్సు మూడు నెలలు ఆపేశారు. కొట్టుకు తాళం పడింది. కనబడ్డవాళ్లంతా "ఆచారీ, పెళ్లికి బయానా తీసుకుంటావా?" అని అడిగేవారు. అతను తల వంచుకుని వెళ్లిపోయేవాడు.

కొట్టు తెరిచాక మరో పోటీకి ముందు నీలవేణే మళ్లీ వచ్చింది. అతని పనితనం మీద ఆమెకు గురి పోలేదు. "ఈసారి వీణ అని రాస్తారా ఏం?" అంది.

"రైఫిల్ అనే రాస్తానమ్మా. నీ పేరూ రాస్తాను" అన్నాడు ఆచారి.

ఈసారి అతను అనుమతి ఉన్న సంస్థకే వెళ్లాడు. గుమాస్తా అడిగిన కాగితాలన్నీ ఇచ్చాడు. పెట్టె విప్పి, రైఫిల్ ఖాళీగా ఉందని తనే చూపించాడు. అడగని చోట కూడా సంతకం పెట్టబోతే గుమాస్తాయే ఆపాడు. రైఫిల్ మూడో రోజుకు నీలవేణి చేతికి అందింది. ఆ పోటీలో ఆమెకు రెండో స్థానం వచ్చింది.

నీతి: ప్రమాదకరమైన వస్తువును పంపేటప్పుడు దాని అసలు పేరు దాచకూడదు, నిబంధనలున్నది మనల్ని విసిగించడానికి కాదు, దాన్ని మోసే చేతులను కాపాడటానికి.