సాయాగౌడ్ కూనిరాగం

చెట్టెక్కడం రాకముందే నాకు చెట్టు మీద పాడటం వచ్చేసింది. నేను నేర్చుకునేదేదైనా ఇట్లా చివరినుంచే మొదలవుతుంది.

మా గురువు సాయాగౌడ్. నాకు మేనమామ వరస. ముప్పై ఏళ్లుగా తాటిచెట్లెక్కి కల్లు గీస్తున్న మనిషి. చెట్టు సగానికి చేరగానే సన్నగా ఒక కూనిరాగం అందుకునేవాడు. కిందనుంచి వింటుంటే, ఆకాశం ఆయన పెరడే అన్నట్టు నాకు తోచేది. ధైర్యమంటే ఆ రాగమేనని నేను ఖాయం చేసుకున్నాను.

నెల రోజులు ఇంట్లో సాధన చేశాను. ఆయనలాగే తలగుడ్డను ఎడమ చెవి మీదికి దించి కట్టాను. ఆయనలాగే అరచేతుల్లో ఉమ్మి రుద్దుకున్నాను. రాగం తీస్తుంటే మా ఆవిడ రాజవ్వ "పన్ను గుంజుతున్నదా?" అని అడిగింది.

అసలు సంగతి, నాకు భయం. అంతకుముందు నెలలో పక్కూరి నర్సాగౌడ్ మోకు జారి పడ్డాడు. మోకంటే చెట్టునూ మన నడుమునూ కలిపి చుట్టే తాడు. ఎక్కేవాడి ప్రాణం దాని మీదే ఆని ఉంటుంది. చూడటానికి వెళ్లాను. మంచంలో కళ్లు మాత్రం తిప్పుతున్నాడు. ఆ కళ్లు నా వెంట ఇంటిదాకా వచ్చాయి.

నా నెల సాధన పూర్తయిన వారంలోనే మామ అన్నాడు: "రేపు ఒక్కనివే ఎక్కాలె. ఎక్కితె ఆ వరసల పది చెట్లు నీయి. లేకుంటె చెప్పు, ఇంకో పని చూసుకుందువు."

నాకు ఇంకో పని రాదు. ఇదీ రాదనుకోండి.

తెల్లారి మా కాటమయ్య దేవుడికి మొక్కి ఎక్కాను. సగంలో కిందికి చూశాను. మామ తలగుడ్డ పత్తికాయంత ఉంది. వెంటనే రాగం అందుకున్నాను. రాగం బాగానే వచ్చింది, కాళ్లే రాలేదు. మోకు కొద్దికొద్దిగా సడలుతున్నట్టనిపించింది. చెట్టును కావిలించుకున్నాను. పెచ్చులు చెంపను గీరుతున్నాయి. కళ్లు మూస్తే నర్సాగౌడ్ కళ్లు. పైకి పోలేను, కిందికి రాలేను. అయినా పాడుతూనే ఉన్నాను.

మామ కిందనుంచి అరవలేదు. నా పక్కనే చేయి చాస్తే అందేంత దూరంలో ఇంకో తాటిచెట్టు ఉంది. దాన్నెక్కి నాకు సమానంగా వచ్చి ఆగాడు. తను తీస్తున్న రాగం ఆపాడు. కుడిచేయి నా ముందుకు చాపి, వేళ్లు విప్పి అట్లాగే ఉంచాడు.

పట్టుకొమ్మంటున్నాడేమో అనుకున్నాను. కాదు, చూడమంటున్నాడు.

వేళ్లు వణుకుతున్నాయి. గాలికేమోనని పైన మట్టల వైపు చూశాను. ఒక్క ఆకూ కదలడం లేదు.

"నీకు గూడ భయమా, మామా?"

"ఎక్కినప్పుడల్ల."

"మరి ఆ పాట?"

"నోరు ఆగితె నా కాళ్లు ఆగుతయి."

"నేను గూడ పాడుతున్న గద."

"నువ్వు నా భయం పాడుతున్నవ్‌రా దశరథం. నీది లోపల్నే ఉండి నీ కాళ్లు పట్టుకున్నది."

చేయి వెనక్కి తీసుకుని మోకు పట్టుకున్నాడు.

నేను రాగం ఆపాను. అప్పుడు గానీ తెలియలేదు, అంత ఎత్తులో ఎంత నిశ్శబ్దమో. నా గుండె చెట్టుకు కొట్టుకోవడం వినిపించింది. కడుపులోంచి ఏదో తోసుకొచ్చింది.

"ఓ అవ్వా" అని అరిచాను.

మా అమ్మను అవ్వా అనే పిలిచేవాణ్ని. ఆమె పోయి ఆరేళ్లయింది. నాకు ముప్పై నాలుగేళ్లు. అయినా కాలు ఒక జానెడు కదిలింది. మోకు పైకి జరిపి మళ్లీ అరిచాను. మళ్లీ కదిలింది.

కింద చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. "ఎవల పిల్లగాడే, తప్పిపోయినట్టున్నడు" అంది ఒకామె. అందరూ నవ్వారు. నవ్వుకోనీ. నాకు సిగ్గుపడే తీరిక లేదు.

పద్నాలుగు అవ్వలకు గెల అందింది. మట్టను రెండు చేతులా పట్టుకున్నాను. భయం ఎక్కడికీ పోలేదు, నాతోపాటే పైకి వచ్చి పక్కన కూర్చుంది.

మామ తన చెట్టు దిగడం మొదలుపెట్టాడు. రెండడుగులు దిగి, తలెత్తి నా వైపు చూశాడు.

"దిగేటప్పుడు గూడ పిలువు," అన్నాడు. "దిగేది నా పాట గాదు, నువ్వేనని మాకు ఎర్క గావాలె."