ముందుకు పోయిన అల

హైదరాబాద్‌లోని ఒక పరిశోధనా కేంద్రంలో చిదంబరం అనే శాస్త్రవేత్త ఉండేవాడు. లెక్కల్లో దిట్టే గానీ, తన లెక్కకు లొంగని చిన్న తేడా ఏది కనిపించినా "పొరపాటు" అని కొట్టిపారేసేవాడు.

ఆకాశంలో కృష్ణబిలాలు ఉంటాయి. వాటిలో పడిన వెలుగు కూడా తిరిగి బయటకు రాదు. ఒక పెద్ద కృష్ణబిలం చుట్టూ చిన్నది తిరుగుతుంటే, నీళ్లలో చేయి తిప్పినట్టు అలలు పుడతాయి. వాటినే గురుత్వ తరంగాలు అంటారు. ఆ అలలను చదివి, అక్కడ ఏం జరుగుతోందో చెప్పడమే చిదంబరం పని.

ఒక ఏడాది పరిశోధకులకు పోటీ పెట్టారు. నిర్వాహకులు కంప్యూటర్‌లో అలలు తయారుచేసి, వాటిలో ఏదో రహస్యం దాచి పంపుతారు. దాన్ని కనిపెట్టాలి. గెలిచిన బృందానికి గురుత్వ తరంగాలను పట్టేందుకు కొత్తగా కడుతున్న పరికరం దగ్గర పనిచేసే అవకాశం దొరుకుతుంది. ముందు నమూనా పరీక్ష, ఆ తర్వాత అసలు పరీక్ష.

నమూనా అల వచ్చింది. మొదట్లో చిదంబరం లెక్కతో చక్కగా కలిసింది. చిన్న బిలం లక్ష చుట్లు తిరిగేసరికి మాత్రం అల ఆ లెక్క కంటే రవ్వంత ముందుకు పోయింది.

"కంప్యూటర్ పొరపాటు. చివరి ముక్క తీసేద్దాం," అన్నాడు చిదంబరం.

ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న, అతని బృందంలోని రజియా ఒప్పుకోలేదు. "పొరపాటైతే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోవాలి కదండీ? ఇది ఎప్పుడు చూసినా ముందుకే పోతోంది."

"ఇంత చిన్నదానికి అంత ఆలోచన ఎందుకండీ?" అంటూ, బిలాల చుట్టూ ఏమీ లేదని రాసి పంపేశాడు.

మర్నాడే జవాబు వచ్చింది. తప్పు! పదహారు బృందాల్లో వాళ్లదే ఆఖరు స్థానం. చిదంబరానికి ముఖం చెల్లలేదు. మధ్యాహ్నం దాకా గదిలోంచి బయటకు రాలేదు. తర్వాత తనే కుర్చీ లాక్కుని రజియా పక్కన కూర్చున్నాడు.

"ఆ ముందుకు పోవడం సంగతేమిటో నాకు చెప్పండి," అన్నాడు.

రజియా నవ్వింది. "కృష్ణ పదార్థం అని ఒకటి ఉందంటాం కదా. కంటికి కనిపించదు, వెలుగివ్వదు, కానీ బరువుంటుంది. పెద్ద బిలం చుట్టూ అది దట్టంగా మూగి ఉందనుకోండి. చిన్న బిలం అందులోంచి ఈదుకుంటూ తిరగాలి. అది వెనక్కి లాగుతుంటే దీని శక్తి తగ్గుతుంది. శక్తి తగ్గేకొద్దీ లోపలికి జారుతుంది. జారేకొద్దీ చుట్లు వేగమవుతాయి."

"అందుకే అల ముందుకు పోయింది!" చిదంబరం చటుక్కున లేచాడు. "అయ్యో, నేను కోసి పారేసిన ముక్కలోనే ఉందండీ జవాబంతా!"

అసలు పరీక్షలో వచ్చిన అల పావు చుట్టు మాత్రమే ముందుకు పోయింది. ఈసారి చిదంబరం ఒక్క ముక్క కూడా తీసేయలేదు. ఇద్దరూ మూడు రోజులు కూర్చుని ఆ పావు చుట్టును పట్టుకున్నారు. చుట్టూ ఎంత కృష్ణ పదార్థం ఉందో కూడా లెక్కగట్టారు.

ఫలితాలు వచ్చాయి. చుట్టూ ఏముంది, అది ఎంత ఉంది అన్న రెండు జవాబులూ సరిగ్గా రాసింది వాళ్ల బృందం ఒక్కటే! కేంద్రమంతా ఈలలు, చప్పట్లు. క్యాంటీన్‌లో వేడివేడి మిరపకాయ బజ్జీలు చిదంబరమే అందరికీ వడ్డించాడు. మొదటి పళ్లెం రజియా ముందు పెట్టి, "దీన్ని మొదట చూసింది ఈవిడ. చూడనన్నది నేను," అని అందరూ వినేలా చెప్పాడు. రజియా పకపకా నవ్వుతూ ఒక బజ్జీ తీసి అతని చేతిలో పెట్టింది.

నీతి: మన లెక్కకు సరిపడలేదని ఏ చిన్న తేడానూ తోసిపుచ్చకూడదు, అది ఎందుకు వచ్చిందని ఓపికగా అడిగినవారికే నిజం దొరుకుతుంది.